మూత్రంలో అయోడిన్ తక్కువ వచ్చింది. థైరాయిడ్ గడ్డలకు అయోడిన్ చుక్కలు మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న

నమస్కారమండి. మా అమ్మగారి వయసు 58. మెడ కుడివైపు కాస్త ఉబ్బుగా కనిపిస్తే అల్ట్రాసౌండ్ చేయించాము. థైరాయిడ్ గ్రంథి కుడి భాగంలో 22 మిల్లీమీటర్ల నాడ్యూల్ (గడ్డ) ఒకటి, ఎడమవైపు చిన్నవి రెండు ఉన్నాయని రిపోర్టులో రాశారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించడానికి పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్) 0.2, అంటే తక్కువగా వచ్చింది; థైరాయిడ్ హార్మోన్లైన టీ3, టీ4 మామూలుగానే ఉన్నాయి. మూత్రంలో అయోడిన్ లీటరుకు 62 మైక్రోగ్రాములుగా తేలింది. లోపం వల్లే గడ్డలు వచ్చాయనీ, లూగాల్ ద్రావణం (గాఢమైన అయోడిన్ ద్రవం) రోజుకు రెండు చుక్కలు వేసుకుంటే కరిగిపోతాయనీ తెలిసినవారొకరు గట్టిగా చెబుతున్నారు. ఎండోక్రైనాలజిస్టును కలవడానికి ఇంకా కొన్ని వారాలు పట్టేలా ఉంది. ఈలోగా చుక్కలు మొదలుపెట్టడం మంచిదేనా? అసలు అయోడిన్‌కూ ఈ గడ్డలకూ ఉన్న సంబంధమేమిటో వివరించగలరా?

మొదటి జవాబు

దయచేసి డాక్టరు చూసేవరకు ఆ చుక్కలు వేయకండి. మీరు రాసిన అంకెల్లో అన్నిటికంటే ముఖ్యమైనది అయోడిన్ కాదు, టీఎస్‌హెచ్.

అయోడిన్ ఏళ్ల తరబడి చాలకపోతే హార్మోన్ తయారీ కుంటుపడుతుంది, దాన్ని సరిదిద్దడానికి గ్రంథి పెరుగుతుంది. అన్ని కణాలూ ఒకే తీరుగా పెరగవు కనుక కొన్నిచోట్ల గడ్డలు కడతాయి. ఇంతవరకు మీకు చెప్పినవారి మాట నిజమే. అయితే అలా ఎడతెగక విభజన చెందే కణాల్లో కొన్నిటికి జన్యుమార్పులు వచ్చి, పిట్యూటరీ ఆజ్ఞతో పనిలేకుండా సొంతంగా హార్మోన్ తయారుచేసే స్థితికి చేరుకుంటాయి. టీఎస్‌హెచ్ తగ్గి, ఒకటికి మించి గడ్డలున్నప్పుడు ముందుగా అనుమానించవలసింది దీన్నే. ఇటువంటి గడ్డకు అయోడిన్ కొరత ఒక విధంగా కళ్లెం; ముడిసరుకు దొరకక అది ఊరుకుంటుంది. ఒక్కసారిగా అయోడిన్ అందిస్తే హార్మోన్ విపరీతంగా పెరిగి గుండెదడ, బరువు తగ్గడం, వయసు పైబడినవారిలో గుండె లయ తప్పడం వరకు వెళ్లవచ్చు.

మోతాదు కూడా చూడండి. పెద్దవారికి రోజుకు కావలసినది 150 మైక్రోగ్రాములు. అయిదు శాతం లూగాల్ ద్రావణం ఒక్క చుక్కలోనే సుమారు 6 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది, అంటే రోజువారీ అవసరానికి నలభై రెట్లు.

రెండవ జవాబు

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 62 అనే అంకె గురించి కొంత చెప్పాలి. మూత్రంలోని అయోడిన్ నిన్న, ఈరోజు తిన్నదాన్నిబట్టీ, తాగిన నీటినిబట్టీ మారిపోతూ ఉంటుంది. ఒక జనసమూహంలో మధ్యస్థ విలువ లీటరుకు 100 నుంచి 199 మైక్రోగ్రాముల మధ్య ఉంటే అక్కడ అయోడిన్ సరిపడా అందుతున్నట్టు లెక్క. ఆ కొలమానం సమూహానికి ఉద్దేశించినదే గాని, ఒక మనిషి ఇచ్చిన ఒక్క నమూనాకు వర్తించదు. గడ్డలు కట్టడానికి ఏళ్లు పడుతుంది, ఈ పరీక్ష చెప్పేదేమో ఒకటి రెండు రోజుల సంగతి.

లోపం ఉన్న జనాభాకు అయోడిన్ ఉప్పు అందిస్తే మేలే జరుగుతుంది, అందులో సందేహం లేదు. డెన్మార్క్‌లో 1998లో స్వచ్ఛందంగా, 2000లో తప్పనిసరిగా ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టినప్పుడు, చాలా తక్కువ మోతాదులో కలిపినా, హైపర్‌థైరాయిడిజం కేసులు మొదట కొన్నేళ్లు పెరిగి ఆ తర్వాతే తగ్గాయి. చిన్న మోతాదుకే అంత ప్రభావముంటే, చుక్కల సంగతి వేరే చెప్పాలా?

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చుక్కలు మొదలుపెట్టము. అలాగైతే ఇంట్లో అయోడిన్ ఉప్పు కూడా మానేయాలా? ఇది క్యాన్సర్ అయ్యే అవకాశముందా?

మూడవ జవాబు

వంటలో వాడే అయోడిన్ ఉప్పు మానవలసిన అవసరం లేదండి. దానితో అందేది రోజువారీ అవసరానికి దగ్గరగా ఉండే మోతాదు. మానవలసినవి చుక్కలు, సముద్రపు నాచుతో చేసిన మాత్రలు.

మొత్తం మీద గడ్డల్లో నూటికి తొంభైకి పైగా క్యాన్సర్ కానివే. టీఎస్‌హెచ్ తక్కువగా ఉంది కనుక డాక్టరుగారు మొదట రేడియో అయోడిన్ లేదా టెక్నీషియం స్కాన్ రాసే అవకాశం ఉంది. పెద్ద గడ్డ ఆ స్కాన్‌లో ‘హాట్’గా, అంటే చురుకుగా హార్మోన్ తయారుచేస్తున్నట్టుగా కనిపిస్తే అది క్యాన్సర్ కావడం చాలా అరుదు, సాధారణంగా సూది పరీక్ష అవసరపడదు. ‘కోల్డ్’గా కనిపిస్తే అల్ట్రాసౌండ్ లక్షణాలు, పరిమాణం చూసి ఎఫ్‌ఎన్‌ఏసీ (ఆ సూది పరీక్షే) చేయాలో లేదో నిర్ణయిస్తారు. చుక్కలు వేయవద్దనడానికి ఇంకొక కారణమూ ఇదే: బయటినుంచి ఎక్కువ అయోడిన్ వెళ్తే గ్రంథి స్కాన్‌కు ఇచ్చే మందును సరిగా పీల్చుకోదు, వారాల తరబడి పరీక్ష వాయిదా వేయవలసి వస్తుంది.

వేరే కారణంతో కాంట్రాస్ట్ (స్కాన్ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) ఇచ్చి సీటీ స్కాన్ తీయాలని ఎవరైనా అంటే ఈ టీఎస్‌హెచ్ సంగతి ముందే చెప్పండి, ఆ మందులోనూ అయోడిన్ చాలా ఉంటుంది. అమ్మగారు జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను లేనిపోని తక్కువగా చూపిస్తుంది. గుండెదడ, చేతుల వణుకు, ఆయాసం కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.