దీనతయా, దైన్యమా? తడిసిన పుటలో ఒక ‘ద’

తిరుపతి నుండి, ప్రశ్న:
మా అమ్మ చిత్తూరులో ధ్యానకూటానికి వెళ్ళినప్పుడు విన్న మాటలను ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. 2021 నవంబరు వరదలో అది తడిసిపోయింది. ఒక పుటలో ‘... లేని వైరాగ్యము గర్వమునకే దారి’ అన్న వాక్యం మిగిలింది గాని, మొదటి పదంలో ‘ద’ తరువాత కాగితమే చిరిగిపోయింది. ఆ ‘ద’ తలమీద ఉన్నది గుడిదీర్ఘమో ఐత్వమో తెలియనంతగా నీలి సిరా అలుముకున్నది. చిన్నప్పుడు అమ్మ నోట ఈ మాట విన్నాను. ‘దీనత’ అన్నట్టూ, ‘దైన్యము’ అన్నట్టూ రెండు విధాలా చెవిలో మెదులుతున్నది. పెద్దలు ఏది సరి అంటారు?

చిత్తూరు నుండి:
అమ్మా, రెండూ ‘దీన’ శబ్దం నుండి పుట్టిన భావార్థకాలే కనుక వ్యాకరణం ఇక్కడ తీర్పు చెప్పదు. అలంకారశాస్త్రం మాత్రం దైన్యాన్ని 33 సంచారీ భావాలలో ఒకటిగా లెక్కించింది. అంటే అది వచ్చి పోయేది, ముఖం వాడేలా చేసేది. స్పెయిను దేశపు క్రైస్తవ సన్యాసిని అవిలాపురి తెరేసమ్మ గారు 1577లో రాసిన ఆంతరంగిక కోట గ్రంథంలో, దేవుడు పరమసత్యం గనుక వినయమంటే సత్యంలో నడవడమేనని చెప్పారు. సత్యంలో నడిచేవారి ముఖం వాడవలసిన పని లేదు. నా మటుకు అది ‘దీనత’యే.

పలమనేరు నుండి:
ఆ పదం ‘దాస్యము’ ఎందుకు కాకూడదు? బైబిలులోని ఫిలిప్పీయుల పత్రికలో ‘దాసుని స్వరూపమును ధరించుకొని, తన్ను తానే రిక్తునిగా చేసికొనెను’ అని ఉన్నది కదా. రాగమంటే రంగు; విరాగమంటే ఆ రంగు వదలడం. రంగు వదిలిన బట్ట తన తెలుపును చూసుకొని మురిస్తే అదీ ఒక రంగే అవుతుంది. దాసునికి ఆ మురిపెం ఉండదు.

శ్రీకాళహస్తి నుండి:
దీర్ఘానికీ గుడిదీర్ఘానికీ మరక ఒకే చోట పడదు, కనుక దాస్యాన్ని పక్కన పెడదాం. ‘దీన’ శబ్దానికి ప్రమాణం కావాలంటే పోతన దగ్గరకే పోవాలి. ‘లావొక్కింతయు లేదు’ అని మొదలుపెట్టిన గజేంద్రుడు ధైర్యం, ప్రాణం, తనువు ఒక్కొక్కటే జారిపోయాక ‘నీవే తప్ప నితఃపరం బెఱుఁగ’ అంటాడు. ఆ తరువాతనే ‘మన్నింపం దగున్ దీనునిన్’ అంటాడు. ఈ వరుసను గమనించండి. అన్నీ పోయినందుకు కాదు, మరొకటి ఎరుగనందుకు అతడు దీనుడు. తెరేసమ్మ గారి సహచర సన్యాసి సిలువ యోహాను గారు, దేవుని చేరే దారిని కొండగా గీసిన కర్మెలు కొండ చిత్రంలో నడిమి బాట పొడవునా ‘ఏమీ లేదు, ఏమీ లేదు’ అని రాసినదీ ఈ వరుసే. పోతన పద్యాన్ని ఎన్నిసార్లు చదివినా ‘ఎఱుఁగ’ దగ్గర నా గొంతు ఆగిపోతుంది.

చిత్తూరు నుండి:
పద్యం మీద నాకూ అంతే ప్రేమ. అయితే గజేంద్రుడు వెంటనే ‘రావే యీశ్వర, కావవే వరద’ అని అడుగుతున్నాడు. ‘దీనాత్ములు ధన్యులు’ అన్న క్రీస్తు వాక్యం మీద ప్రసంగించిన మధ్యయుగపు జర్మను గురువు ఎకార్ట్ గారు ఏమీ కోరని, ఏమీ ఎరుగని, ఏమీ లేనివాడినే పేద అన్నారు. ప్రాణరక్షణ కోరేవాడు ఆ లెక్కలో ఇంకా పేద కాలేదు.

శ్రీకాళహస్తి నుండి:
అతడు కోరినది ప్రాణాన్ని కాదు, రాకను. తెరేసమ్మ గారు ఆ కోటలో చివరిదైన ఏడవ నివాసంలో, ఆత్మకు దేవునితో కలిగే ఐక్యతకు వాననీరు ఏటిలో కలవడాన్ని పోలికగా చెప్పారు. ఏటిలో పడే దాకా చినుకు కిందికి రాక తప్పదు. ఆ రావడాన్ని కోరిక అంటారా?

తిరుపతి నుండి:
నిన్న రాత్రి మీ మాటలన్నీ చదివి, ఆ పుటను తిరగేసి వెనుకవైపు వేలితో తడిమాను. అమ్మ కలాన్ని గట్టిగా అదిమి రాసేది. ‘ద’ కింద సన్నని గీత ఒకటి వేలికి తగిలింది. ఐత్వమైతే దాని కొస అక్కడికే దిగాలి. కాని కింది పంక్తిలో సరిగ్గా అదే చోట ‘ప్రభువా’ అన్న పిలుపు ఉన్నది. ఆ ‘ప్ర’ తలకట్టు పైకి సాగి ఉంటే అదీ ఆ గీతే అవుతుంది.