హార్మోన్లను ‘విచ్ఛిన్నం’ చేస్తాయా, ‘మారుస్తాయా’?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లల కోసం హార్మోన్ల మీద ఒక వ్యాసం రాస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “మన శరీరంలో స్టెరాయిడ్ హార్మోన్లను విచ్ఛిన్నం చేసే ఎంజైములు చాలా ఉన్నాయి.” ఇంగ్లీషులో ఉన్న క్రియ మెటబొలైజ్. మనకు ‘జీవక్రియ’ ఉంది గానీ అది నామవాచకం. ‘జీవక్రియకు గురిచేసే’ అని రాస్తే చదవడానికే ఇబ్బందిగా ఉంది. విచ్ఛిన్నం సరిపోతుందా అండీ?

జవాబు:
సరిపోదండీ. చాలా ఏళ్లు బయోకెమిస్ట్రీ పాఠం చెప్పినవాణ్ణి, ఈ మాట మీద నాకు పట్టింపు ఎక్కువే.

ఎంజైమ్ అనగానే విచ్ఛిన్నం గుర్తొస్తుంది, ఎందుకంటే బళ్లో మనం వాటిని మొదట చూసేది జీర్ణక్రియ పాఠంలో. అమైలేజ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది, పెప్సిన్ ప్రోటీన్లను విడగొడుతుంది. పేరు చివర ఉండే ‘ఏజ్’ కూడా అలాంటి చోటే పుట్టింది. 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీ నుంచి పిండిని చక్కెర చేసే పదార్థాన్ని తీసి ‘డయాస్టేజ్’ అని పేరు పెట్టారు. గ్రీకులో అది వేరుపడటం అనే అర్థమున్న మాట. ఆ తోకనే తర్వాత మిగతా ఎంజైములకూ తగిలించారు, ఏదీ విడగొట్టని వాటికి కూడా.

ఇప్పుడు స్టెరాయిడ్ల దగ్గరికి రండి. వీటన్నిటికీ మూలం కొలెస్ట్రాల్. నాలుగు కార్బన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆరొమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రడయోల్‌గా మారుస్తుంది. అంటే మనం మగ హార్మోన్ అని పిలిచేది ఆడ హార్మోన్ అని పిలిచేదిగా మారుతోంది. ఇది అండాశయంలోనే కాదు, కొవ్వులోనూ ఎముకలోనూ జరుగుతుంది, మగవాళ్లలో కూడా జరుగుతుంది. ఒక కార్బన్ ఊడిపోయే మాట నిజమే, కానీ నాలుగు వలయాలూ అలాగే ఉంటాయి. 5-ఆల్ఫా రిడక్టేజ్ పని ఇంకా ముఖ్యం. అది అదే టెస్టోస్టిరాన్‌కు రెండు హైడ్రోజన్లు చేర్చి ఇంకా బలమైన హార్మోన్‌ను చేస్తుంది. బలం పెరిగిన దాన్ని విచ్ఛిన్నమైంది అని ఎలా అంటాం?

మరొకరు:
మీరు చెప్పినవి ఒప్పుకుంటాను. కానీ కాలేయం హార్మోన్లను వదిలించుకుంటుంది కదా? అక్కడైనా విచ్ఛిన్నం అనవచ్చేమో.

జవాబు:
మంచి ప్రశ్న వేశారు. నిజానికి అక్కడ కూడా విరగవు. కాలేయంలోని ఎంజైములు హార్మోన్‌లో అక్కడక్కడా చిన్న మార్పులు చేసి, దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో తగిలిస్తాయి. దాంతో అది నీళ్లలో కరిగే గుణం తెచ్చుకుని మూత్రంలో పోతుంది. వలయాలతో సహా పోతుంది. ఆటగాళ్ల మూత్రం పరీక్షించి స్టెరాయిడ్లు వాడారని పట్టుకోగలిగేది అందుకే. ఆ నాలుగు వలయాల చట్రాన్ని ముక్కలు చేసి కాల్చేసే ఎంజైములు మన ఒంట్లో లేవు. విటమిన్ డి తయారయ్యేటప్పుడు ఒక వలయం తెరుచుకుంటుంది గానీ, ఆ పని చేసేది చర్మం మీద పడే ఎండ.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. కార్టిసాల్ పనిచేసే హార్మోన్, కార్టిసోన్ దాని నిద్రపోతున్న రూపం. కిడ్నీలో ఒక ఎంజైమ్ కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మారుస్తుంది. కాలేయంలో దాని జోడు ఎంజైమ్ కార్టిసోన్‌ను మళ్లీ కార్టిసాల్‌గా మారుస్తుంది. ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర కూడా కాలేయంలో ప్రెడ్నిసొలోన్‌గా మారితేనే పనిచేస్తుంది. ‘విచ్ఛిన్నం’ అని రాస్తే పిల్లలు మందు పాడైపోయిందనుకుంటారు. నాకు టెన్షన్ అక్కడే.

కిడ్నీలో ఆ మార్పు ఆగితే ఏమవుతుందో మన దగ్గర దగ్గుకు నమిలే అతిమధురం చూపిస్తుంది. అందులోని తీపి పదార్థం ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఎక్కువ మోతాదులో వారాల తరబడి తీసుకుంటే కార్టిసాల్ కిడ్నీలో ఆల్డోస్టిరాన్ అనే మరో హార్మోన్ లాగా ప్రవర్తించి ఉప్పును పట్టి ఉంచుతుంది. బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మరొకరు:
అయితే ‘రూపాంతరీకరించే’ అంటే? ‘మార్చే’ మరీ మామూలుగా లేదూ?

జవాబు:
మెటబాలిజం వెనకున్న గ్రీకు మాట ‘మెటబొలే’కు అర్థమే మార్పు అండీ. మన మామూలు మాట మూలానికి అంత దగ్గరగా ఉన్నప్పుడు పెద్ద సమాసం ఎందుకు?

దీనికి వ్యాకరణం వైపు నుంచి ఇంకో లాభం ఉంది. ‘విచ్ఛిన్నం చేస్తుంది’ అని రాసి వాక్యం ముగించేయవచ్చు. ‘మారుస్తుంది’ అంటే మాత్రం చదివేవాడు వెంటనే దేనిగా అని అడుగుతాడు. ఆ ‘గా’ నింపాలంటే రాసేవాడికి విషయం తెలియాలి. నా దృష్టిలో సైన్స్ రాసేవాళ్లకు ఇది పెద్ద సాయం. ‘జీవక్రియ’ను మొత్తం వ్యవస్థకు పేరుగా ఉంచుకోండి, అది అక్కడ చక్కగా ఉంటుంది. ఎంజైమ్ పని చెప్పేచోట మాత్రం ‘మార్చే’ అనండి. బయటికి పంపడం గురించైతే ‘మూత్రంలో పోయేలా మార్చే’ అనండి.

మొదట అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. వాక్యాన్ని ఇలా మార్చాను: “మన శరీరంలోని కొన్ని ఎంజైములు ఒక స్టెరాయిడ్ హార్మోన్‌ను మరో హార్మోన్‌గా మారుస్తాయి, మరికొన్ని దాన్ని మూత్రంలో పోయేలా మారుస్తాయి.” కింద కార్టిసాల్ ఉదాహరణ, అతిమధురం సంగతి చేర్చాను. ‘నిద్రపోతున్న రూపం’ అన్న మాట కూడా వాడుకోవచ్చా?

జవాబు:
హాయిగా వాడుకోండి.