వచ్చే మేలో స్విస్, పారిస్, రోమ్ – ఐదుగురం. ముందు ఏది బుక్ చేయాలి?

హారిక_కూకట్‌పల్లి:
వచ్చే వేసవి సెలవుల్లో, మే 8 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి బయల్దేరి 13 రాత్రులు తిరిగి రావాలని అనుకుంటున్నాం. ఇద్దరం పెద్దవాళ్ళం, మా అత్తయ్య గారు (67, బీపీ ఉంది), పిల్లలు 9, 5 ఏళ్ళవాళ్ళు. ఇప్పుడు ఆగస్టు కాబట్టి టైముంది. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తేలడం లేదు. టికెట్లు ఇప్పుడే కొంటే చవక అంటున్నారు, వీసా రాకుండా కొనొద్దని ఇంకొందరు అంటున్నారు. స్విట్జర్లాండ్ 5, పారిస్ 4, రోమ్ 4 రాత్రులు అనుకున్నాం. అత్తయ్య గారి పాస్‌పోర్టు వచ్చే జూలైతో అయిపోతుంది, పైగా అందులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఏది ముందు, ఏది తర్వాత?

మైలురాయి:
హారిక గారూ, ముందు అత్తయ్య గారి పాస్‌పోర్టు. మిగతావన్నీ దాని తర్వాతే. షెంజెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) నుంచి బయటికొచ్చే రోజు తర్వాత ఇంకా 3 నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. మీరు మే 21న వస్తే ఆగస్టు 21 దాకా ఉండాలి, జూలైతో అయిపోయేది పనికిరాదు. గడువుకు ఏడాది లోపు రీఇష్యూకి పెట్టుకోవచ్చు కాబట్టి ఇప్పుడే స్లాట్ తీసుకోండి. మీ నలుగురివీ తీసి చూడండి: పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటకూడదు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుందన్నది చాలామంది మర్చిపోతారు.

ఇంటిపేరు గడి కూడా అదే దరఖాస్తులో నింపించేయండి. ఆధార్, పాన్‌లో పేరు ఎలా ఉందో ముందు సరిచూసుకోండి, "కె." అని పొడి అక్షరం ఒకచోట, పూర్తి ఇంటిపేరు ఇంకోచోట ఉంటే అక్కడే పని ఆగుతుంది. గడి ఖాళీగా వదిలేస్తే టికెట్ బుక్ చేసేటప్పుడు ఒక్కో ఎయిర్‌లైన్స్ ఒక్కోలా అడుగుతుంది, టికెట్ మీద ఒక పేరు, వీసా మీద ఒక పేరు పడతాయి. ఇంకో మెలిక: మీ వారి పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి పేరు ఉంటుంది. ఆవిడ ఖర్చు ఆయనే భరిస్తున్నట్టు చూపించాలంటే బంధుత్వానికి రుజువు అదే. ఆ పేరు, ఆవిడ కొత్త పాస్‌పోర్టు పేరు బొత్తిగా పొంతన లేకుండా ఉండకూడదు.

ఇక వీసా. ప్రయాణానికి 6 నెలల ముందు కంటే ముందుగా దరఖాస్తు తీసుకోరు, 15 రోజుల లోపైతే ఆలస్యం. అంటే మీకు నవంబరు 8న తలుపు తెరుచుకుంటుంది. మామూలుగా 15 రోజుల్లో తేల్చాలి, అనుమానం వస్తే 45 దాకా సాగదీయొచ్చు. మార్చి, ఏప్రిల్‌లో బడి సెలవుల జనమంతా ఎగబడతారు, స్లాట్లు దొరకవు. జనవరి చివర్లో అపాయింట్‌మెంట్ పడేలా చూసుకోండి. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు ఉచితం. దరఖాస్తులు తీసుకునే సంస్థ విఎఫ్‌ఎస్ సర్వీస్ చార్జీ వేరు. మీ చిన్నవాడికి ఆరేళ్ళు ఎప్పుడు నిండుతాయో చూసుకోండి.

ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశానికే దరఖాస్తు. మీ 5, 4, 4 లెక్కలో స్విస్ ఒక్క రాత్రితో గట్టెక్కుతోంది. రేపు ప్లాన్‌లో ఒక రాత్రి అటూ ఇటూ అయితే సమానమైపోయి, మొదట దిగే దేశానికి వెళ్తుంది. తేడా కనీసం రెండు మూడు రాత్రులుండాలి. నన్నడిగితే రోమ్ తీసేయండి. ఐదేళ్ళ పిల్లవాడితో, బీపీ ఉన్న పెద్దావిడతో 13 రాత్రుల్లో మూడు దేశాలంటే సగం రోజులు పెట్టెలు మోయడానికే సరిపోతాయి.

రైలుబండి:
టికెట్ విషయంలో రెండు వాదనలూ సగం నిజమే. వీసాకి డబ్బు కట్టిన టికెట్ అక్కర్లేదు, రిజర్వేషన్ చూపిస్తే చాలు. ఎయిర్‌లైన్స్ దాదాపు 11 నెలల ముందు నుంచే సీట్లు అమ్ముతాయి. ఐదు సీట్లు ఒకే పీఎన్ఆర్‌లో కావాలంటే ఆలస్యం చేయకూడదు, తక్కువ ధర సీట్లు రెండే మిగిలితే ఐదుగురికీ పై ధరే చూపిస్తుంది. కాబట్టి క్యాన్సిలేషన్ చార్జీ తెలిసిన, వెనక్కి డబ్బులొచ్చే ఫేర్ కొనడం మేలు. మామూలు ఫేర్‌కీ దీనికీ ఉన్న తేడాని ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకోండి. ఏజెంట్లు ఇచ్చే "డమ్మీ టికెట్" జోలికి మాత్రం పోవద్దు. రెండు రోజుల్లో చచ్చిపోయే పీఎన్ఆర్‌ని కాన్సులేట్‌లో కొట్టి చూస్తే ఏమీ కనిపించదు, "సమాచారం నమ్మదగ్గది కాదు" అని రిజెక్ట్ చేయడానికి అది చాలు.

రూట్: లుఫ్తాన్సా హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్‌కి వెళ్తుంది, గల్ఫ్ మీదుగా ఎమిరేట్స్, ఖతార్ ఉన్నాయి. లండన్ హీత్రో మీదుగా చవగ్గా కనిపిస్తే ఆగి చూడండి. టూరిస్ట్ షెంజెన్ వీసా చేతిలో ఉన్నా, అక్కడ విమానం మారడానికే మనవాళ్ళకి యూకే ట్రాన్సిట్ వీసా కావాలి. ఐదుగురికి ఆ ఫీజు కలిపితే చవక ఎగిరిపోతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే షెంజెన్ ఇమిగ్రేషన్ అక్కడే. 2025 అక్టోబరు 12న మొదలైన ఈఈఎస్ (రాకపోకలు కంప్యూటర్‌లో నమోదు చేసే) పద్ధతిలో ముఖం ఫొటో, వేలిముద్రలు తీస్తారు (12 ఏళ్ళ లోపు పిల్లలకు ఫొటో మాత్రమే). క్యూ పెద్దగా ఉంటుంది. గంటంపావు కనెక్షన్ తీసుకోవద్దు, మూడు గంటలుండాలి. పోతూ పారిస్‌లో దిగి, జ్యూరిక్ నుంచి తిరిగి వచ్చేలా తీసుకుంటే వెనక్కి తిరిగే ప్రయాణం తప్పుతుంది. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి జ్యూరిక్‌కి టీజీవీ లిరియా అనే వేగం రైల్లో నాలుగు గంటలే.

స్విస్ రైలు పాసులు ఇప్పుడే కొనక్కర్లేదు, రోజుల లెక్క తేలాక కొనండి. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 వరస రోజులకు దొరుకుతుంది. 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలు తల్లిదండ్రులతో వస్తే ఫ్యామిలీ కార్డు మీద ఉచితం, ఆరేళ్ళ లోపు వాళ్ళకి అసలు టికెట్టే లేదు. కొండల దగ్గరే అందరూ తికమకపడేది: రిగీ, స్టాన్సర్‌హార్న్ పాస్‌లోనే ఉన్నాయి. టిట్లిస్‌కి 50 శాతం తగ్గింపు. యుంగ్‌ఫ్రౌయోహ్‌కి గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకా ఉచితం, ఆ పైన 25 శాతమే తగ్గింపు. అది 3,454 మీటర్ల ఎత్తు. అత్తయ్య గారిని పైకి తీసుకెళ్ళే ముందు డాక్టర్‌ని అడగండి. దాని టికెట్ నెలల ముందు కొని మబ్బులు చూసి రావద్దు. ముందురోజు రాత్రి వెబ్‌క్యామ్ చూసి తేల్చుకోండి. మే మొదట్లో ఎత్తైన కాలిబాటల మీద ఇంకా మంచుంటుంది, కొన్ని కొండ రైళ్ళు జూన్ దగ్గర్లో గానీ మొదలుకావు.

హారిక_కూకట్‌పల్లి:
రోమ్ తీసేశాం. పారిస్ 4, స్విస్ 9. హోటళ్ళు, ఇన్సూరెన్స్, డబ్బు మార్పిడి గురించి కూడా చెప్పగలరా? ఆవకాయ, నెయ్యి తీసుకెళ్ళొచ్చా?

చిల్లర_లెక్క:
హోటల్: ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే, వీసా వచ్చేదాకా. యూరప్ గదుల్లో ఇద్దరికో ముగ్గురికో మించి చోటివ్వరు. బుకింగ్‌లో ఇద్దరని చూపించి ఐదుగురు వెళ్తే గొడవ. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, వోచర్ మీద ఐదుగురి పేర్లూ ఉండాలి. ఒక్కరి పేరే వస్తే హోటల్‌కి మెయిల్ పెట్టి అందరి పేర్లతో లెటర్ తెప్పించుకోండి. స్విస్‌లో ఆదివారం షాపులు మూసేస్తారు, స్టేషన్లలోని కోప్, మిగ్రో సూపర్‌మార్కెట్లు మాత్రం తెరిచే ఉంటాయి. మేలో అసెన్షన్ గురువారం, పెంతెకోస్తు సోమవారం సెలవులు. ఆ వారాల్లో గదులు ముందే నిండిపోతాయి, మీ తేదీలు ఓసారి సరిచూసుకోండి.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు, షెంజెన్ అంతటికీ, దిగే రోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా ఉండాలి. పెద్దావిడ పాలసీలో ఐసీయూకి, సర్జరీకి వేరే పరిమితులున్నాయేమో చదవండి. బీపీ ఉందని రాయించండి. దాచి కొంటే వీసాకి పనికొస్తుంది, క్లెయిమ్‌కి పనికిరాదు.

బ్యాంకు: స్లాట్‌కి వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఐదు లక్షలు వేస్తే స్టేట్‌మెంట్‌లో అదే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డబ్బు నెలనెలా పేరుకున్నట్టు ఉండాలంటే ఇప్పటి నుంచే ఆ ఖాతాలో ఉంచండి. ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) కోస్తారు, అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేసేటప్పుడు తిరిగి అడుక్కోవాలి. పారిస్‌కి యూరోలు, స్విస్‌కి ఫ్రాంకులు – ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే వేసుకునే కార్డు) రెండూ వేయండి. యూరోలు మాత్రమే వేసి స్విస్‌లో గీకితే మళ్ళీ మార్పిడి చార్జీ. కార్డు మెషీన్ "రూపాయల్లో కడతారా?" అని అడిగితే వద్దనండి, ఆ రేటు వాళ్ళిష్టం.

మైలురాయి:
ఆవకాయ పర్లేదు, మూత గట్టిగా బిగించి చెక్-ఇన్ పెట్టెలో వేయండి. నూనె ఊరే డబ్బా చేతిసంచిలో పెడితే 100 మి.లీ. నిబంధన దగ్గర ఆపేస్తారు. నెయ్యి, పాలకోవా, పనీర్, మాంసం పచ్చళ్ళు వద్దు. బయటి దేశాల నుంచి పాల, మాంస పదార్థాలు తేవడం ఈయూలోనూ, స్విస్‌లోనూ నిషేధం. పచ్చి కరివేపాకు కూడా వదిలేయండి, పొడి చేసుకోండి. మాత్రలు స్ట్రిప్పులతోనే, మందు అసలు పేరు రాసిన ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్ళండి. వీల్‌చైర్ ఉచితమే, టికెట్ కొన్నాక ఎయిర్‌లైన్స్‌కి చెప్పి రాయించుకోండి.

రైలుబండి:
ఈఫిల్ టవర్ లిఫ్ట్ టికెట్లు 60 రోజుల ముందు వదులుతారు. అంటే మీకు మార్చిలో. క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి, సాయంత్రం వేళలవి ముందే అయిపోతాయి. లూవ్ర్ మ్యూజియంకి మంగళవారం సెలవు.