ట్రాక్టర్ హుక్కు ప్లేటుకి ఏ బోల్టులు వేయాలండీ?

అమలాపురం దగ్గర లంకల్లోంచి కొబ్బరికాయ లోడు తోలే ట్రాక్టరండి మాది. ట్రక్కు తగిలించే హుక్కు ప్లేటుని పట్టే బోల్టులు మాటిమాటికీ వదులవుతున్నాయి. లోడుతో ఏటిగట్టు ఎక్కేటప్పుడు టంగుమని మోత. మొన్న విప్పి చూస్తే ఒక బోల్టుకి సరిగ్గా ప్లేటు కూర్చునేచోటే మర అరిగి నున్నగా అయిపోయింది, ప్లేటు బెజ్జం కోలగా సాగింది. బోల్టు తల మీద బలం గ్రేడు 8.8 అని ఉంది. సైజు 16 ఎం.ఎం.

మెకానిక్ 10.9 వేసేయమంటున్నాడు. 8.8 అంటే 800 మెగాపాస్కల్స్ (లాగుడు బలానికి కొలత) దాకా, 10.9 అయితే 1000 దాకా తెగకుండా ఆగుతుందని తెలుసు. కానీ నాకు అసలు తేడా మరలో ఉందనిపిస్తోంది. తలదాకా మర ఉన్న బోల్టు కాకుండా, ప్లేటు మందం మేర నున్నటి కాడ ఉన్నది వేస్తే బెజ్జం తినదు కదా? సాగిన బెజ్జాన్ని వెల్డింగుతో పూడ్చి మళ్లీ డ్రిల్లు కొట్టించాలా, ప్లేటే మార్చేయాలా?

ఇంకోటి, రొయ్యల చెరువులకి మేత కూడా వేస్తాం, ఉప్పునీళ్లకి అన్నీ తుప్పే. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు అంత త్వరగా తుప్పు పట్టవుగానీ మామూలుగా దొరికేవి 8.8 అంత బలం ఉండవు. జింకు పూత సరిపోతుందా? స్ప్రింగు వాషరు మీద నాకు నమ్మకం పోయింది, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) వేసినవాళ్లున్నారా? టార్క్ పానాతో (బిగింపు కొలిచే పానా) ఎంతకి బిగించారో కూడా చెప్పండి. వెనక మోటారు సైకిళ్ల మీద పిల్లలతో వస్తుంటారు, ట్రక్కు ఊడితే గట్టు మీద తప్పుకునే చోటుండదండి.