పిన్ను పుస్తకాలు ర్యాక్‌లో నిలబడటం లేదు, ఎలా సర్దాలి?

గాజువాక అమ్మ:
నమస్తే అండీ. మాకు నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. రెండు గదుల అద్దె ఇల్లు. ఓనరు గారు గోడకి మేకు కొట్టనివ్వరు. పిల్లల పుస్తకాలు ఎనభై దాకా పోగయ్యాయి. సగానికి పైగా నేషనల్ బుక్ ట్రస్ట్‌వి, ప్రథమ్ వాళ్లవి, మంచి పుస్తకం వాళ్లవి. అన్నీ పల్చటివి, నడుమ రెండు పిన్నులు కొట్టినవి. మిగతావి మా వాడు కొరికే అట్ట పుస్తకాలు.

ఆన్‌లైన్‌లో మూడు అరల చెక్క ర్యాక్ కొన్నాను. పల్చటివి నిలబెడితే వంగిపోయి జారిపోతున్నాయి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే పాపకి కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది, లాగిందంటే మొత్తం కిందకి. దీనికి తోడు సముద్రపు గాలికి పిన్నులు తుప్పు పట్టి పేజీల మీద ఎర్ర మరకలు. మా అత్తయ్య గారేమో బీరువాలో పెట్టి తాళం వెయ్యమంటున్నారు, పెద్దయ్యాక చదువుకుంటారులే అని. కలరా ఉండలు కూడా తెప్పించారు. ఏం చేయమంటారు?

నిజామాబాద్ నాన్న:
ర్యాక్ సంగతి మర్చిపోండి మేడమ్. కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు రెండు తెచ్చుకోండి. పుస్తకాల అట్టలు పిల్లల వైపు ఉండేలా వరసగా నిలబెట్టండి. ఒక్కోటీ ముందుకి వంచుతూ వెతుక్కుంటారు. మరీ కుక్కకండి, కాస్త ఖాళీ ఉండాలి. మా ఇంట్లో ఇదే.

పాత లైబ్రేరియన్:
అమ్మా, శాఖా గ్రంథాలయంలో చేసి రిటైరైన వాణ్ణి. నిజామాబాద్ బాబు చెప్పింది సరైన మాట. మామూలు అర లావు పుస్తకాల కోసం చేసింది. వీపు మీద పేరు చూసి తీసుకోవడానికి పుస్తకానికి వీపంటూ ఉండాలి కదా. పదహారు పేజీల పిన్ను పుస్తకానికి అది లేదు. ఉన్నా మీ పాపకి చదవడం రాదు. ఏనుగు బొమ్మ కనబడితేనే ఏనుగు పుస్తకం. అందుకే అట్ట ముందుకి కనబడాలి.

కొన్న ర్యాక్‌ని పారేయక్కర్లేదు. పక్కకి తిప్పి అడ్డంగా పడుకోబెట్టండి. మూడు అరలూ మూడు గళ్లవుతాయి, ఎత్తు తగ్గుతుంది. నిలువు ర్యాక్‌ని గోడకి బిగించకుండా చంటిపిల్లలున్న ఇంట్లో ఉంచకూడదు, పట్టుకుని ఎక్కుతారు, మీద పడుతుంది. పడుకోబెడితే ఆ టెన్షన్ చాలా మటుకు తగ్గుతుంది, మేకూ అక్కర్లేదు. గళ్లలో ట్రేలు పెట్టండి. ఒక గడి మాత్రం బాబు అట్ట పుస్తకాలకి వదిలేయండి, వాటికి సర్దుడు అనవసరం, గుమ్మరించి ఆడుకోనివ్వండి. బాత్‌రూమ్ వైపు గోడకి ఆనించకండి, ఆ గోడ చెమ్మ పుస్తకాలకి ఎక్కుతుంది.

ఇక కలరా ఉండలు. అవి వెంటనే ఇంట్లోంచి తీసేయండి. ఏడాదిన్నర వాడికి అవి తెల్లటి బిళ్లలు, నోట్లో వేసుకుంటాడు. జీ6పీడీ లోపం (రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకైతే వాటివల్ల రక్తకణాలు విరిగి కామెర్లు రావచ్చు. మన పిల్లలకి ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప మనకి తెలియదు. పోనీ కర్పూరం పెడదామని అనుకునేరు, అది మింగితే ఫిట్స్ రావచ్చు. రోజూ చేతులు మారే పుస్తకానికి పురుగు అంత తేలిగ్గా పట్టదు. తాళం వేసిన బీరువాలోనే పడుతుంది. ఆ మాట అత్తయ్య గారికి నేను చెప్పానని చెప్పండి.

తుప్పు పిన్నులకి మందు దారమే. పుస్తకం నడిమి పేజీ తెరవండి. పిన్ను కొసల్ని చెంచా కాడతో పైకి లేపి, వెనక నుంచి మెల్లగా లాగేయండి. ఊడిన పిన్నులు లెక్క చూసుకుని పారేయండి, నేలమీద వదలకండి. మడత మీద సూదితో మూడు చిల్లులు: పైన, నడుమ, కింద. గట్టి తెల్లదారం తీసుకుని లోపలి నుంచి నడిమి చిల్లులో బయటకి, పై చిల్లులో లోపలికి, అక్కణ్ణుంచి నడిమిదాన్ని వదిలేసి కింది చిల్లులో బయటకి, మళ్లీ నడిమి చిల్లులో లోపలికి. రెండు కొసలూ పొడుగు దారానికి చెరో పక్కన ఉంటాయి, దాని మీదుగా ముడి వేసేయండి. పాప పక్కన కూర్చుని చూస్తే ఇంకా మంచిది. బైండింగ్ షాపుకి మాత్రం ఇవ్వకండి. మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లు ఉంటారు. పురుగుకి విషమే గానీ, మీవాడు అట్టలు నాకే వయసులో ఉన్నాడు.

పుణె తెలుగు:
అన్నీ ఒకేసారి బయట పెట్టకండి. పది పన్నెండు చాలు, మిగతావి మంచం కింద పెట్టెలో. రెండు వారాలకోసారి మార్చండి, పాతవే కొత్తవాటిలా చూస్తారు.

నిజామాబాద్ నాన్న:
మా చిన్నది లోపల దాచినదే అడుగుతుందండీ. రాత్రి పదింటికి మంచం కింద దూరి వెతికే పని నాది.

పాత లైబ్రేరియన్:
అందుకే మార్చేటప్పుడు పిల్లల్నే ఎంచుకోమనాలి. ప్రాణమైన నాలుగూ ఎప్పుడూ బయటే ఉంచండి.

గాజువాక అమ్మ:
చాలా థాంక్స్ అండీ. ర్యాక్ పడుకోబెట్టాను, మావాడు అప్పుడే దాని మీదెక్కి కూర్చున్నాడు. ఇంకొక్కటి: చిరిగిన పేజీలకి సెల్లోటేప్ వేస్తున్నాను, పర్వాలేదా?

పాత లైబ్రేరియన్:
వద్దమ్మా. కొన్నాళ్లకి పచ్చబడి ఊడిపోతుంది, జిగురు మాత్రం పేజీకే ఉండిపోతుంది. పల్చటి తెల్ల కాయితం సన్నగా చింపి (కత్తిరించకండి, చింపిన అంచు బాగా కలిసిపోతుంది), కాస్త నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో చిరుగు మీద అతికించండి. కింద పాలకవరు వేసి, మీద బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. ర్యాక్ మీద కూర్చుంటే కూర్చోనివ్వండి, నిలబడితే మాత్రం దింపేయండి.