సఫారీ ఫేస్‌లిఫ్ట్: మార్చాల్సినవి మార్చారా?

బెజవాడ_బాబు
ఇంట్లో ఆరుగురం. అమ్మానాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. టాటా సఫారీ తీసుకుందామని సెకండ్ హ్యాండ్ 2021 మోడల్ ఒకటి, 2023 అక్టోబరులో వచ్చిన ఫేస్‌లిఫ్ట్ (అదే బండికి ముఖం, లోపలి హంగులు మార్చింది) ఒకటి నడిపి చూశాను. ఫేస్‌లిఫ్ట్‌లో ముఖమంతా మార్చారు. ఈ చివర నుంచి ఆ చివరకు లైటు గీత, లోపల 12.3 అంగుళాల స్క్రీన్, స్టీరింగ్ మధ్యలో వెలిగే లోగో. ఇంజిన్ మాత్రం ముట్టుకోలేదు, అదే 2 లీటర్ల డీజిల్, అదే 170 పీఎస్ శక్తి. నాకు అస్సలు నచ్చనిది ఏసీ ప్యానెల్. పాతదాంట్లో చేత్తో తడిమితే స్విచ్‌లు దొరికేవి. ఇప్పుడు చాలావరకు నల్లటి టచ్ పలకే. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా ఏం నొక్కుతున్నామో ఎలా తెలుస్తుంది? బాగున్నదాన్ని చెడగొట్టడం కాదా ఇది?

హైవే65
బాబు గారూ, ఏసీ ఆటోలో పెట్టేస్తే దాని జోలికి వెళ్లే పనే ఉండదు. అసలు మారిందేమిటో మీరు రాయనే లేదు. అన్నిటికన్నా చవకైన బేస్ వేరియంట్ నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (బండి జారకుండా అదుపులో ఉంచే వ్యవస్థ) ఇచ్చారు. కార్లను గుద్దించి భద్రతకు స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు 34కి 33.05, పిల్లల రక్షణకు 49కి 45. రెండింటికీ 5 స్టార్లు. 2023 డిసెంబరులో అలాంటిదే మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ మొదటి ఫలితాలు ప్రకటించినప్పుడు అందులో ఉన్నవి హారియర్, సఫారీలే. హైడ్రాలిక్ స్టీరింగ్ తీసేసి ఎలక్ట్రిక్ పెట్టారు, సిటీలో చేతులకు ఎంత సుఖమో. ఇన్ని మారితే మీకు పలకొక్కటే కనిపించిందా?

నల్లగొండ_డీజిల్
1998లో వచ్చిన సఫారీ నడిపినవాణ్ణి నేను. లారీలకు ఉండేలాంటి గట్టి ల్యాడర్ ఫ్రేమ్, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్. 2020 ఆటో ఎక్స్‌పోలో గ్రావిటాస్ అని చూపించిన బండికి తర్వాత సఫారీ అని పేరు పెట్టారు. ముందు చక్రాలతో నడిచే బండికి ఆ పేరేమిటి? ముఖం మారిస్తే ఎంత, మార్చకపోతే ఎంత.

బెజవాడ_బాబు
డీజిల్ అన్నా, అది వేరే చర్చ. హైవే గారూ, ఆటోలో పెట్టినా వెనక నుంచి నాన్న చలి అంటారు, పిల్లలు ఉక్క అంటారు. ఫ్యాన్ మార్చాల్సిందే. ఆ పలక మీద వేలిముద్రలు కూడా. టెస్ట్ డ్రైవ్ బండిలో అద్దం మీద నూనె రాసినట్టు ఉంది.

ఆరు_సీట్లు
వేలిముద్రలు తుడిస్తే పోతాయి.

కొత్తపేట_కార్లు
ఫేస్‌లిఫ్ట్ అనే మాట వింటేనే నాకు మంట. వేరే కంపెనీ బండి కొన్నాను. మూడు వారాలకే కొత్త ముఖంతో అదే బండి వచ్చింది. డీలర్‌కు ముందే తెలుసు, ఒక్క మాట చెప్పలేదు. నెల తిరక్కుండా నాది పాత మోడల్ అయిపోయింది.

హైవే65
బటన్లు, వేలిముద్రలు, పాత ముఖం, కొత్త ముఖం! గుద్దినప్పుడు లోపలివాళ్లు బతుకుతారా లేదా అన్నది ఒక్కరికీ పట్టలేదు. ఫ్యాన్ బటన్ కోసం 5 స్టార్ల బండి వద్దనేవాళ్లతో ఏం మాట్లాడతాం?

బెజవాడ_బాబు
వద్దని ఎక్కడన్నాను? చూపించండి. మీకు స్టార్లు తప్ప ఇంకో మాట రాదు.

సరే, సూటిగానే చెప్తాను. మా అమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. ఇప్పుడున్న కారు కూడా ఎత్తే, పేరు అనవసరం. కిందటి సంక్రాంతికి ఊళ్లో దిగుతూ కాలు జారి పడింది. అప్పటి నుంచి ఎక్కడికన్నా బయల్దేరదామంటే "మీరు వెళ్లిరండి" అంటుంది. ఆమె కోసమే ఈ బండి చూస్తున్నాను. ఫేస్‌లిఫ్ట్‌లో డబ్బంతా ఎక్కడ పెట్టారో చూడండి. స్క్రీన్, లోగో, లైటు గీత. అన్నీ డ్రైవర్‌కో, బయట నిలబడి చూసేవాళ్లకో. ఆమె ఎక్కే ఎత్తు అలాగే ఉంది. పిల్లలు మూడో వరుసలోకి దూరే సందు కూడా అంతే. పలక గురించి అన్నన్ని సార్లు రాసింది అందుకే. అది చూడగానే, వెనక కూర్చునేవాళ్లను ఎవరూ అడగలేదని అర్థమైంది.

ఆరు_సీట్లు
ఆరు సీట్లది చూడండి తమ్ముడూ. మధ్య వరుసలో విడివిడి సీట్లు కాబట్టి పిల్లలు మధ్యలోంచే వెనక్కి వెళ్తారు, మీ అమ్మగారిని లేపక్కర్లేదు. మెట్టు విడిగా బిగిస్తారు, మాకు బాగా పనికొచ్చింది.

హైవే65
బాబు గారూ, అమ్మగారి సంగతి తెలియక అలా అన్నాను, ఏమీ అనుకోవద్దు.

కానీ వెనక సీటు గురించే నేనూ మాట్లాడేది. చౌటుప్పల్ దాటాక మా అన్నయ్య కారు ఆగి ఉన్న లారీని గుద్దింది. చిన్న కారు. ఈఎస్‌పీ లేదు, ముందు రెండే ఎయిర్‌బ్యాగులు. అన్నయ్యకు చెయ్యి విరిగింది. వెనక కూర్చున్న వదిన ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తుంది. మెట్టు బయట కొని బిగించుకోవచ్చు. బండి గట్టిదనం, పక్క ఎయిర్‌బ్యాగులు మనం కొని బిగించుకునేవి కావు, కంపెనీయే ఇవ్వాలి. కంపెనీ దగ్గర ఉన్న డబ్బు ముందు దానికే పెట్టాలంటాను.

బెజవాడ_బాబు
వదిన గారి గురించి చదివి బాధగా ఉంది. మీరన్నది కాదనను. కానీ రెండిట్లో ఒకటి అనేది నాకు ఎక్కడంలేదు. వెలిగే లోగోకు డబ్బు దొరికినప్పుడు పైన పట్టుకునే పిడికి, కింద మెట్టుకు ఎందుకు దొరకదు? అమ్మ బండి ఎక్కనే లేకపోతే ఎయిర్‌బ్యాగులు ఎవరిని కాపాడతాయి?

నల్లగొండ_డీజిల్
పాత సఫారీ ఇంకా ఎత్తు. మా నాయన్ని ఇద్దరం పట్టుకుని ఎక్కించేవాళ్లం. ఆ సంగతి ఇన్నాళ్లూ మరిచిపోయాను.

బెజవాడ_బాబు
ఆదివారం అమ్మను షోరూమ్‌కు తీసుకెళ్తున్నాను. ఆరు సీట్ల దాంట్లో నాలుగుసార్లు ఎక్కించి దింపి చూస్తాను. టచ్ పలక సంగతి తర్వాత.

హైవే65
కూర్చోబెట్టాక బెల్టు కూడా పెట్టి చూడండి. వదిన ఆ రోజు పెట్టుకోలేదు.

బెజవాడ_బాబు
అమ్మా పెట్టుకోదు. మెడకు ఒరుసుకుంటుందంటుంది.