నొప్పి, జ్వరం లేని కాలి పుండులో ఇన్ఫెక్షన్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న

మా నాన్నగారికి 64 ఏళ్లు, 18 ఏళ్లుగా మధుమేహం ఉంది. ఎడమ పాదం అడుగున, బొటనవేలి మొదట్లో ఉన్న ఆనె పగిలి నెల క్రితం పుండు పడింది. నొప్పి లేదు, జ్వరం రాలేదు కాబట్టి భయం లేదని ఆయన అంటున్నారు. అయితే ఈ వారం పుండు చుట్టూ మూడు సెంటీమీటర్ల మేర చర్మం ఎర్రబడింది, పాదం వాచింది, మందులేవీ మార్చకపోయినా పరగడుపు షుగర్ 150 నుంచి 260కి పెరిగింది. పుండు పైభాగాన్ని దూదిపుల్లతో అద్ది, ఆ నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి గుర్తించే కల్చర్‌లో మూడు రకాల బ్యాక్టీరియా ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. మూడు రకాలు ఉన్నాయంటే ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నట్టేనా? నోటి మాత్రలతో ఇంటి దగ్గరే చూసుకోవచ్చా, ఆసుపత్రిలో చేర్చాలా?

జవాబు: శస్త్రవైద్యుడు

దయచేసి ఆయనను ఈ రోజే వైద్యుడికి చూపించండి, మిగతా వివరాలు ఆ తరువాత చదువుకోవచ్చు. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్న పాదానికి నొప్పి తెలియదు. ఆనె కింద పుండు పడేదాకా ఆయనకు తెలియకపోవడానికి కారణం కూడా అదే. లోతైన ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో కూడా చాలామందికి జ్వరం రాదు, రక్తంలో తెల్లకణాలు పెరగవు. కారణం కనిపించకుండా షుగర్ పెరగడమే కొందరిలో మొదటి సూచన అవుతుంది.

ఇన్ఫెక్షన్ ఉందో లేదో నిర్ణయించవలసింది పాదాన్ని చూసి, తాకి. కల్చర్ రిపోర్టును చూసి కాదు. వాపు లేదా గట్టిదనం, పుండు అంచు నుంచి అర సెంటీమీటరు దాటిన ఎర్రదనం, నొప్పి, వేడి, చీము: ఈ అయిదింటిలో కనీసం రెండు ఉండి, వాటికి గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని కీలు వాచడం), ఎముక విరగడం, రక్తం గడ్డకట్టడం, షార్కో పాదం (నరాలు దెబ్బతిన్న పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతిని వాచడం) వంటి వేరే కారణం లేదని తేలితే దానిని ఇన్ఫెక్షన్‌గా పరిగణిస్తారు. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎర్రదనం తేలికగా కనిపించదు కాబట్టి చేతి వెనుక భాగంతో రెండు పాదాలనూ తాకి వేడిలో తేడా చూడటం నాకు ఎక్కువ నమ్మకమైన అలవాటు.

తెరుచుకుని ఉన్న ప్రతి పుండు మీదా బ్యాక్టీరియా ఉంటుంది. పైన అద్దిన నమూనాలో మూడు రకాలు రావడం తీవ్రతకు కొలమానం కాదు, వాటిలో కొన్ని కేవలం ఉపరితలంపై ఉన్నవే కావచ్చు. పుండును శుభ్రం చేసి, చచ్చిన చర్మాన్ని తొలగించి, అడుగు నుంచి గీకి తీసిన కణజాలాన్ని కల్చర్‌కు పంపితేనే అసలు కారకం తెలిసే అవకాశం ఎక్కువ. ఇన్ఫెక్షన్ లక్షణాలు లేని పుండుకు కల్చర్ గానీ యాంటీబయాటిక్ గానీ అవసరం లేదు. ఈ మాటను గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మానాలని ముందుజాగ్రత్తగా వాడిన మాత్రలు పుండును మాన్పవు, మందుకు లొంగని బ్యాక్టీరియాను మాత్రం పెంచుతాయి.

తీవ్రతను ఇలా చూస్తాం. చర్మానికీ దాని కింది పొరకూ పరిమితమై ఎర్రదనం రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే స్వల్పం. రెండు సెంటీమీటర్లు లేదా అంతకుమించి ఉన్నా, కండర బంధనం (కండరాన్ని ఎముకకు కలిపే టెండన్), కండరం, కీలు, ఎముక వరకు వెళ్లినా మధ్యస్థం. వీటికి తోడు శరీర ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ లేదా 36 కంటే తక్కువ, నాడి నిమిషానికి 90 పైన, శ్వాస 20 పైన, తెల్లకణాలు 12,000 పైన లేదా 4,000 లోపు ఉండటంలో ఏ రెండు కనిపించినా తీవ్రం. మీరు చెప్పిన కొలత ప్రకారం మీ నాన్నగారిది కనీసం మధ్యస్థం. తీవ్రమైతే ఆసుపత్రిలో చేరక తప్పదు. మధ్యస్థమైనా రక్తప్రసరణ సరిగా లేకపోతే, లోపల చీము ఉంటే, ఇంట్లో చూసుకునేవారు లేకపోతే చేర్చడమే మేలు.

జవాబు: నర్సు

పై సలహాకు ఒక ముఖ్యమైన మాట చేర్చాలి. ఎంత మంచి మందు వాడినా, ఆయన అదే పుండు మీద బరువు వేసి నడుస్తూ ఉంటే అది మానదు. ఇన్ఫెక్షన్ అదుపులోకి వచ్చేదాకా వీలైనంత విశ్రాంతి, ఆ తరువాత వైద్యులు సూచించిన కట్టు గానీ ప్రత్యేక పాదరక్ష గానీ వాడి పుండు మీద భారం తగ్గించాలి. నొప్పి లేనివారికి ఈ సంగతి నచ్చజెప్పడం చాలా కష్టమని అనుభవం మీద చెబుతున్నాను. దుర్వాసన, చర్మం నల్లబడటం, నీటి బొబ్బలు, నొక్కితే లోపల చిటపటమన్నట్టు అనిపించడం, ఎర్రదనం గంటగంటకూ పాకడం వీటిలో ఏది కనిపించినా రాత్రయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వేడినీళ్లలో కాలు పెట్టనివ్వకండి, ఆనెను ఇంట్లో బ్లేడుతో కోయకండి.

ప్రశ్న అడిగినవారు, నాలుగు రోజుల తరువాత

ఇద్దరికీ కృతజ్ఞతలు. అదే రోజు చేర్చాము, చీము తీశారు, ఎర్రదనం తగ్గుతోంది. పుండులో లోహపు పుల్ల పెట్టి చూసినప్పుడు ఎముక గట్టిగా తగిలిందని చెప్పారు. కానీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. అయినా ఎంఆర్ఐ తీయాలంటున్నారు, ఆరు వారాలు మందు వాడవలసి రావచ్చని కూడా అన్నారు. అది అవసరమేనా?

జవాబు: శస్త్రవైద్యుడు

అవసరమే. ఎముకలో ఇన్ఫెక్షన్ మొదలైన రెండు మూడు వారాల దాకా ఎక్స్‌రేలో మార్పు కనిపించకపోవచ్చు. పుల్లకు ఎముక తగలడం, ఈఎస్ఆర్ (శరీరంలో వాపును సూచించే రక్తపరీక్ష) బాగా పెరిగి ఉండటం కలిస్తే అనుమానం బలపడుతుంది, అప్పటికీ సందేహం ఉంటే ఎంఆర్ఐ తీస్తారు. మెత్తటి కణజాలానికే పరిమితమైన ఇన్ఫెక్షన్‌కు సాధారణంగా ఒకటి రెండు వారాల యాంటీబయాటిక్ సరిపోతుంది. ఎముకకు సోకి, దానిని తొలగించకుండా మందుతోనే నయం చేయాలనుకుంటే ఆరు వారాలు పడుతుంది. సోకిన భాగం తీసేసినా అంచు ఎముకలో బ్యాక్టీరియా మిగిలి ఉంటే మూడు వారాల వరకు వాడతారు.

ఎముక తీయాలన్న మాట వస్తే, కోతకు ముందే పాదానికి రక్తప్రసరణ ఎంత ఉందో కొలిచారా అని తప్పకుండా అడగండి. మధుమేహంలో ధమనుల గోడలు సున్నం పేరుకుని గట్టిపడటం వల్ల చీలమండ దగ్గర తీసిన రక్తపోటు నిజానికంటే ఎక్కువగా కనిపించి మోసపుచ్చగలదు, అందుకే కాలి వేలి దగ్గర కూడా ఒత్తిడి కొలవాలి. రక్తం చేరని చోటికి మందూ చేరదు, కోసిన గాయమూ మానదు. ప్రసరణ తక్కువగా ఉందని తేలితే రక్తనాళాల శస్త్రవైద్యులను కూడా ఇప్పుడే సంప్రదించమని కోరండి.